బీచ్ క్లాసుకి 12,999 స్పీకర్ కావాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ. వయసు 31. పొద్దున్నే బీచ్ రోడ్డు పక్కన 15 మంది ఆడవాళ్లకి ఏరోబిక్స్ నేర్పిస్తాను. సాయంత్రం రెండు అపార్ట్‌మెంట్ల మేడ మీద క్లాసులు. నెలకి 22,000 వస్తుంది. ఇంటి ఖర్చులు పోను 4,500 దాకా మిగులుతుంది, అందులోంచే క్రెడిట్ కార్డు మినిమమ్ కడుతున్నాను. కార్డు బాకీ 18,000 ఉంది, బ్యాంకులో 12,000 ఉంది. ఫోన్‌కి కలిపి పాటలు పెట్టే బ్లూటూత్ స్పీకర్, 1,200 పెట్టి కొన్నది, ఐదు నెలలకే ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. డాబాగార్డెన్స్‌లో షాపతను 80 వాట్ల పార్టీ స్పీకర్ చూపించాడు. 12,999 అట, ఆరు నెలల నో-కాస్ట్ ఈఎంఐ, వడ్డీ లేదంటున్నాడు. తీసుకోనా? పాతదాన్ని బాగు చేయించుకోనా?

జవాబు: స్పీకర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం అమ్మా, ముందు ఆ 18,000 చూడండి. మినిమమ్ కడితే కార్డు వాళ్లు ఫోన్ చెయ్యరు, అంతవరకే. వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నెలకి 3.5 శాతం అనుకుంటే 630, దాని మీద 18 శాతం జీఎస్టీ 113, కలిపి 743. నాలుగు నెలలకి దాదాపు 3,000. అంటే స్పీకర్ డబ్బులు మీరు ఇప్పటికే కడుతున్నారు, స్పీకర్ మాత్రం ఇంటికి రావట్లేదు.

ఇంకో సంగతి. బాకీ మొత్తం తీర్చకుండా ముందుకి తోసినన్నాళ్లూ కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డుకి ఉంటాయని చెప్పే ఆ 45 రోజుల గడువు మీకు ఇప్పుడు లేదు. కాబట్టి కూరగాయలకి కూడా ఆ కార్డు తియ్యొద్దు.

షాపతను చెప్పిన వడ్డీ లేని ఈఎంఐ సంగతి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి తేల్చి చెప్పింది. జరిగేదేమిటంటే, వడ్డీకి సరిపడా సొమ్ము ముందే ధరలో తగ్గించి, ఆ తగ్గించినదాన్ని మళ్లీ వడ్డీ పేరుతో మీ దగ్గర వసూలు చేస్తారు. బ్యాంకు ఏడాదికి 15 శాతం వేసిందనుకుంటే 12,999లో వడ్డీ వాటా 550. అది షాపు భరించిందనే అనుకుందాం, దాని మీద జీఎస్టీ 99 మాత్రం మీదే. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే పన్నుతో 235. మొత్తం 334 ఎక్కువ. ఇదేం కొంపలు ముంచే సొమ్ము కాదు. నా భయం నెలకి 2,167 గురించి. మిగిలే 4,500లో సగం అక్కడికే పోతే కార్డు బాకీ అక్కడే కూర్చుంటుంది. పైగా అక్టోబరు, నవంబరు మనకి తుపాను నెలలు. వారం రోజులు బీచ్ దగ్గరికి వెళ్లలేకపోతే క్లాసు ఆగుతుంది, ఈఎంఐ ఆగదు.

ఇంతకీ 80 వాట్లు మీకెందుకు? షాపులో నాలుగు గోడల మధ్య అది దడదడలాడుతుంది, బేస్ గుండెకి తగులుతుంది. బీచ్ దగ్గర గోడలేవి? శబ్దం తిరిగి రాదు, సముద్రం వైపు పోతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే (శబ్దాన్ని కొలిచే లెక్క అది), చెవికి కాస్త తేడా తెలుస్తుంది, అంతే. అదే ఆరుబయట స్పీకర్‌కి సగం దూరంలోకి వస్తే 6 డెసిబెల్స్ పెరుగుతాయి. కాబట్టి తయారీ ఒకేలాంటిదైతే, 80 వాట్లది ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్నా, 20 వాట్లది నాలుగు మీటర్ల దూరంలో ఉన్నా వినేవాళ్లకి ఒకటే. స్పీకర్‌ని మీ కాళ్ల దగ్గర నేల మీద పెట్టకుండా ఒక ప్లాస్టిక్ స్టూలు మీద, వరసల మధ్యలో పెట్టండి. స్టూలు ఎంత, 12,999 ఎంత!

వాట్ల అంకె చూసేటప్పుడు ఆర్‌ఎంఎస్ అని ఉన్నదే లెక్క, అంటే స్పీకర్ ఆగకుండా ఇవ్వగలిగే బలం. పీఎంపీఓ అనేది క్షణకాలం లెక్క, ఊరికే పెద్దగా కనపడే అంకె. పీఎంపీఓ 5,000 వాట్లు అని రాసిన డబ్బా ఒకటి నేనూ కొన్నాను, మా వంటింట్లో కుక్కర్ విజిల్‌కి ఓడిపోయింది.

మీ పాతది ఎందుకు పోయిందో నాకు అర్థమైంది. మా ఇల్లు పెదవాల్తేరులో. బాల్కనీ గ్రిల్‌కి రెండేళ్లకోసారి రంగు వేయించకపోతే ఇనుము పొరలు పొరలుగా రాలిపోతుంది. ఆ ఉప్పుగాలే మీ స్పీకర్ ఛార్జింగ్ పోర్టులోకీ వెళ్లింది. టార్చి వేసి చూడండి, లోపల ఆకుపచ్చగా పేరుకుని ఉంటుంది. కాబట్టి మీరు డబ్బు పెట్టాల్సింది శబ్దానికి కాదు, మూతకి. ఐపీ67 అని ఉన్నది చూడండి. దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. అయితే ఆ పరీక్ష మంచినీళ్లతో చేస్తారు, ఉప్పునీటికి వర్తించదు. అందుకని ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి. పోర్టు రబ్బరు మూత ఎప్పుడూ వేసే ఉంచండి.

20 వాట్లు, ఐపీ67, టైప్-సి పోర్టు ఉన్నది 4,000 దాకా పెట్టండి, అంతకి మించొద్దు. బ్యాటరీ 300 నుంచి 500 ఛార్జింగుల దాకా బాగుంటుంది. రోజు విడిచి రోజు పెడితే రెండున్నరేళ్లు అనుకుందాం. నెలకి 133 పడింది. మీ పాత 1,200ది ఐదు నెలలే బతికింది కాబట్టి నెలకి 240. పార్టీ స్పీకర్ ఈఎంఐ ఖర్చుతో కలిపి 13,333, అదీ రెండున్నరేళ్లే అనుకుంటే నెలకి 444. చౌకది అనుకున్నదే నడిమిదాని కంటే ఖరీదైంది, చూశారా!

బ్యాంకులో ఉన్న 12,000లో 4,000 స్పీకర్‌కి, చేతి డబ్బుతోనే. 5,000 ఇవాళే కార్డుకి కట్టండి. 3,000 ముట్టుకోవద్దు, అది తుపాను డబ్బు. కార్డు మీద మిగిలిన 13,000కి నెలకి 3,600 చొప్పున కడితే వడ్డీతో సహా నాలుగు నెలల్లో తీరిపోతుంది. విద్యార్థులు పెరిగాక అదే మోడల్ ఇంకోటి కొని రెండూ జత చేసుకోవచ్చు. ఆ సదుపాయం ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

ఇంకా అడగాల్సినవి: సర్వీస్ సెంటర్ ఊళ్లోనే ఉందా, జీఎస్టీ బిల్లు ఇస్తారా. డబ్బా మీద బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. శబ్దం పరీక్ష షాపు లోపల వద్దు, బయట ఫుట్‌పాత్ మీద పెట్టి వినిపించమనండి. మొహమాటపడకండి, 4,000 మీవి.

పాతదాని సంగతి. జగదాంబ దగ్గర ఫోన్లు బాగు చేసేవాళ్లకి చూపించండి. పోర్టు మార్చడానికి 250 లోపు అడిగితే చేయించండి, సాయంత్రం మేడ మీద క్లాసులకి అది చాలు. అంతకన్నా ఎక్కువైతే వదిలెయ్యండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం 50 రూపాయలకైనా వద్దు.