సీజన్ మధ్యలో రేటింగ్‌లు పోలుస్తున్న మా అల్లుడికి

టార్నీట్, మెల్‌బోర్న్

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన షీట్ రాత్రి కూర్చుని మొత్తం చూశాను. ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్)లోని 18 జట్లు, 12 రౌండ్లు, జట్ల బలాన్ని కొలిచే నాలుగు రేటింగ్‌లు. ఒకే జట్టు ఒక కాలమ్‌లో 3వ స్థానంలో, ఇంకో కాలమ్‌లో 11వ స్థానంలో ఉంది. "ఏది నమ్మాలి మామయ్యా?" అని అడిగావు. ఆఫీసులో ఫుటీ టిప్పింగ్ (ప్రతి మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పే పోటీ) కోసం నేను మొదలుపెట్టిన అలవాటు ఇది. ఇరవై ఏళ్లుగా వదల్లేదు. నాకు తెలిసింది చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ ర్యాంకులు తీసి పక్కన పెట్టు. సీజన్ మధ్యలో జట్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. 5వ జట్టుకీ 10వ జట్టుకీ అసలు బలంలో తేడా ఒక గోల్ (6 పాయింట్లు) అంత కూడా ఉండకపోవచ్చు. అందుకని నాలుగింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకో: ఎవరి సొంతమూ కాని గ్రౌండ్‌లో, సగటు జట్టు మీద ఇది ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుంది? ఆ లెక్కలోకి మార్చగానే నీ 3కీ 11కీ మధ్య కనిపించిన గొడవ సగం చల్లారిపోతుంది.

మిగిలిన సగం ఎందుకుందంటే, అవి నాలుగూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. లాడర్ (పాయింట్ల పట్టిక) జరిగిపోయినదాని లెక్క: గెలిస్తే 4, డ్రా అయితే 2, సమంగా ఉంటే పర్సంటేజ్. కోలీ పద్ధతికి గెలుపోటములు, ప్రత్యర్థుల బలం తప్ప ఇంకేమీ పట్టవు, ఒక్క పాయింటుతో గెలిచినా 80తో గెలిచినా దానికి ఒకటే. మాసీ పద్ధతి పాయింట్ల తేడాను చూస్తుంది. చదరంగం నుంచి వచ్చిన ఈలో పోయిన ఏడాది బలాన్ని కొంత మోసుకొస్తుంది, ప్రతి మ్యాచ్ తర్వాత కొంచెం కదులుతుంది. 2024లో బ్రిస్బేన్ మొదటి 7 మ్యాచ్‌లలో 5 ఓడింది. లాడర్ చూసినవాళ్లు ఆ జట్టును వదిలేశారు. కానీ అది అంతకుముందు ఏడాది గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్) దాకా వచ్చిన జట్టు, ఆ సంగతి గుర్తుంచుకునే రేటింగ్ దాన్ని అంత తొందరగా కిందికి తోయదు. చివరికి 5వ స్థానం నుంచి ఫైనల్స్‌కు వెళ్లి, సిడ్నీని 60 పాయింట్ల తేడాతో కొట్టి కప్పు పట్టుకెళ్లింది. అలాగని పాత జ్ఞాపకం ఉన్న రేటింగే ఎప్పుడూ మేలని అనుకోకు. ముసలైపోతున్న జట్టు విషయంలో అదే జ్ఞాపకం మోసం చేస్తుంది.

పర్సంటేజ్ గురించి కూడా ఒక మాట. కొట్టిన పాయింట్లను ప్రత్యర్థికి ఇచ్చిన పాయింట్లతో భాగించి వందతో గుణిస్తే వచ్చేదే అది, అంటే భాగహారం, తీసివేత కాదు. 60-40తో గెలిస్తే 150, 110-90తో గెలిస్తే 122. రెండు చోట్లా తేడా 20 పాయింట్లే. డిఫెన్స్‌తో ఆటను బిగపట్టే జట్టుకు, వానలో ఎక్కువ ఆడిన జట్టుకు పర్సంటేజ్ కాస్త పెద్దగా కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, స్కోరింగ్ షాట్లు, అంటే గోల్స్ (6 పాయింట్లు), బిహైండ్లు (1 పాయింటు) కలిపిన లెక్క. 2023 గ్రాండ్ ఫైనల్ స్కోరు తీసి చూడు. కాలింగ్‌వుడ్ 12.18, అంటే 12 గోల్స్, 18 బిహైండ్లు, మొత్తం 90. బ్రిస్బేన్ 13.8, మొత్తం 86. గోల్స్ ఎక్కువ కొట్టిన జట్టు ఓడిపోయింది. తేడా 4 పాయింట్లే కదా అని రేటింగ్ రెండిటినీ దాదాపు సమానం అంటుంది. కానీ షాట్లు లెక్కపెడితే 30కి 21. నడి స్తంభాల మధ్యకు వెళ్లాల్సిన బంతి ఒక అడుగు పక్కకు పోతే 6 కాస్తా 1 అవుతుంది. ఆ గురి వారం వారం నిలకడగా ఉండదు, బంతిని అక్కడిదాకా తేవడం మాత్రం చాలావరకు నిలకడగా ఉంటుంది. అందుకే షాట్లను కూడా కలుపుకునే రేటింగ్ ఒకటి నీ షీట్‌లో తప్పకుండా ఉండాలి.

సొంత గ్రౌండ్ లెక్క కూడా సరిచెయ్యి. నువ్వు హోమ్ టీమ్ అన్న ప్రతి జట్టుకూ ఒకే బోనస్ ఇచ్చావు. ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్ ఆడితే ఎవరి ఇల్లు అది? ఇద్దరిదీ ఈ ఊరే. అదే మెల్‌బోర్న్ జట్టు పెర్త్ వెళ్లాలంటే నాలుగు గంటల విమానం. ఇక గ్యాదర్ రౌండ్‌లో 9 మ్యాచ్‌లూ సౌత్ ఆస్ట్రేలియాలోనే జరుగుతాయి, ఆ వారం చాలా జట్లకు హోమ్ అనేది పేరుకు మాత్రమే.

ఇక పోల్చడం ఎలాగంటే, మ్యాచ్‌కు ముందు ఏం చెప్పింది అన్నదొక్కటే చూడు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక ఏడాది సీజన్ మధ్యలో, అప్పటిదాకా జరిగిన మ్యాచ్‌లకు సరిగ్గా కుదిరేలా నా ఈలో సెట్టింగ్‌లు మార్చి, మళ్లీ అవే మ్యాచ్‌ల మీద అన్ని రేటింగ్‌లనూ పోల్చాను. నాదే ఫస్ట్ వచ్చింది. ఆఫీసులో అందరికీ చూపించాను. మిగతా సీజన్‌లో అది అందరికంటే వెనకబడింది. పేపరు ముందే చూసి రాసిన పిల్లాడికి మార్కులేసినట్టు చేశానన్నమాట. చాలా బాధపడ్డాను. నువ్వు ఆ పని చెయ్యొద్దు.

ఎన్ని టిప్స్ కరెక్ట్ అని కూడా లెక్కపెట్టకు. ఇప్పటికి జరిగినవి వంద మ్యాచ్‌లకు అటూ ఇటూ, 68కీ 71కీ తేడా అదృష్టమే కావచ్చు. రెండు రేటింగ్‌లు వేర్వేరు జట్లను చెప్పిన మ్యాచ్‌లు మాత్రం విడిగా తీసి చూడు, పది పన్నెండు కంటే ఎక్కువ ఉండవు. ఎంత తక్కువ ఆధారం మీద వాదించుకుంటున్నామో అప్పుడు తెలుస్తుంది.

దానికి బదులు గెలుపు అవకాశం ఎంతో (0కీ 1కీ మధ్య) ప్రతి రేటింగ్‌నూ అడుగు. మోనాష్ యూనివర్సిటీ వాళ్లు 1995లో మొదలుపెట్టిన టిప్పింగ్ పోటీ స్కోరు వాడు: నువ్వు చెప్పిన జట్టు గెలిస్తే 1 ప్లస్ ఆ అవకాశం లాగరిథమ్ (బేస్ 2), ఓడితే 1 ప్లస్, ఒకటిలోంచి ఆ అవకాశాన్ని తీసేస్తే మిగిలినదాని లాగరిథమ్. 0.6 అని చెప్పి గెలిస్తే 0.26 వస్తుంది, ఓడితే 0.32 పోతుంది. 0.9 అని చెప్పి గెలిస్తే 0.85 వస్తుంది, ఓడితే ఏకంగా 2.32 పోతుంది. అతి ధీమా ఉన్న రేటింగ్ ఇక్కడ దొరికిపోతుంది. పక్కనే పాయింట్ల తేడాలో తప్పు ఎంతో కూడా రాసుకో. మంచి మోడల్‌కు కూడా అది సగటున 25 నుంచి 30 దాకా ఉంటుంది, కంగారుపడకు.

పాత స్కోర్లు 1897 నుంచి ఏఎఫ్‌ఎల్ టేబుల్స్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. సెట్టింగ్‌లు ఏమన్నా మార్చాలంటే పాత సీజన్ల మీద మార్చు, ఈ ఏడాదిని ముట్టుకోకు. ఈ గురువారం మ్యాచ్ మొదలయ్యే ముందే నాలుగు రేటింగ్‌ల అవకాశాలూ రాసి, టైమ్ వేసి నాకు పంపు. నావి కూడా అప్పుడే నీకు పంపుతాను. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను, ఇద్దరం లెక్క చూద్దాం.

నీ మామయ్య