ముందు వ్యానుకీ నీ పర్సుకీ మధ్య రెండు సెకన్లు

తమ్ముడూ, ఇంగ్లండ్‌లో లెస్టర్‌కి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చావు, బస్సు డబ్బులు దండగనిపించి 125 సీసీ బండి కొందామనుకుంటున్నావు, నెలాఖర్లో సీబీటీ (బండి రోడ్డెక్కించే ముందు తప్పనిసరిగా చేయించే శిక్షణ) ఉంది, ఈ లోపల ముందు బండికీ మనకీ మధ్య వదలాల్సిన ఆ 'గ్యాప్' గోలేమిటో చెప్పమన్నావు. "ఊళ్ళో పదేళ్ళు నడిపాను అన్నా, ఇక్కడ ఖాళీ రోడ్ల మీద ఏముంది" అని కూడా రాశావు. అక్కడే నాకు నవ్వొచ్చింది. 2010లో కొవెంట్రీలో నేనూ అదే మాట అన్నాను, అదీ ట్రైనర్ మొహం మీదే.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో: ప్రొవిజనల్ లైసెన్సు (మన ఎల్ఎల్ఆర్ లాంటిది), సీబీటీ, ముందూ వెనకా ఎల్ ప్లేటు, మోటర్‌వే ఎక్కకూడదు, వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, సీబీటీ కాగితం రెండేళ్ళే చెల్లుతుంది. మిగతావన్నీ ప్రభుత్వ సైట్లో ఉంటాయి, చదువుకో. చదువుకున్నవాడివేగా.

ఇక నా కథ. నేను బండి నేర్చుకున్నది బెజవాడలో. బెంజిసర్కిల్ దగ్గర ముందు బండికీ మనకీ మధ్య జానెడు సందు వదిలావంటే అందులో ఆటో దూరుతుంది, ఆటో వెనకే ఇంకొకడు. కాబట్టి సందు వదలకపోవడమే మనకి డ్రైవింగ్. ఆ చేతులతోనే ఇక్కడికొచ్చాను. ఆ నవంబర్లో గోదాములో రాత్రి షిఫ్టు చేసి పొద్దున్న ఆరింటికి బయల్దేరేవాణ్ణి. చలికాలానికని గడియారాలు గంట వెనక్కి జరిపినా ఏడు దాటితే గానీ ఇక్కడ వెలుతురు రాదు, పైన తుంపర, వేళ్ళు కొంకర్లు. ముందు తెల్ల వ్యాను ఒకటి వెళ్తుంటే దాని వెనకే నక్కాను, చలిగాలి తక్కువ కొడుతుందని! గొప్ప తెలివి అనుకున్నాను. వ్యాను వెనక ఉంటే దాని తలుపులు తప్ప ఏమీ కనపడదని తట్టలేదు. జీబ్రా క్రాసింగ్ మీద ఒక ముసలావిడ కుక్కతో అడుగు పెట్టింది, వ్యాను వాడు ఆపాడు, నాకు కనపడింది ఎర్ర లైట్లు మాత్రమే. ముందు బ్రేకు గుప్పిట బిగించి పట్టేశాను. క్రాసింగ్‌కి ముందు వంకర టింకరగా తెల్ల గీతలుంటాయి చూశావా, తడిసిన ఆ రంగు మీద చక్రం సబ్బు మీద అడుగేసినట్టు జారిపోయింది. బండి పోయి వ్యాను బంపర్ కింద ఇరుక్కుంది, నేను మోకాళ్ళు గీరుకుని రోడ్డు మీద కూర్చున్నాను. అతను దిగి బాగున్నావా అని అడిగాడు, మంచివాడే, ఆ వెంటనే ఫోన్ తీసి బంపర్‌కి ఫొటోలు తీశాడు.

మోకాళ్ళు వారంలో మానాయి. డబ్బే మానలేదు. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పని ఇక్కడ దాదాపు ముందే తేలిపోతుంది. నా ఎక్సెస్, అంటే ఇన్సూరెన్స్ క్లెయిములో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా, 450 పౌన్లు, అప్పట్లో పౌను డెబ్బై రూపాయల దగ్గరుండేది, లెక్కేసుకో, ముప్ఫై వేల పైమాటే, నా గది అద్దె రెండు నెలలది. మరుసటి ఏడాది ప్రీమియం ఇంచుమించు రెట్టింపు. రెండు నెలలు పప్పన్నం, గుడ్డు మీద బతికాను. నాన్నకి ఈ రోజుకీ చెప్పలేదు.

ఆ తర్వాత హైవే కోడ్, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, తీసి పట్టిక చూశాను. గంటకి 30 మైళ్ళ వేగంలో బండి ఆగడానికి 23 మీటర్లు కావాలి, అందులో 9 మీటర్లు మన బుర్ర చేతికి చెప్పేలోపే అయిపోతాయి. నేనుంది వ్యానుకి నాలుగు మీటర్ల వెనక. అంటే బ్రేకు పట్టకముందే గుద్దేసినట్టే లెక్క.

రెండు సెకన్ల లెక్క చాలా తేలిక. ముందు బండి ఏదైనా స్తంభం దాటగానే మనసులో "వెయ్యిన్నూట పదహార్లు" అని రెండుసార్లు నిదానంగా అనుకో, పెళ్ళిలో చదివింపులు చదివినట్టు. అది పూర్తయ్యాకే నువ్వు ఆ స్తంభం దగ్గరికి రావాలి. వాన పడితే నాలుగుసార్లు. మంచు గడ్డ కడితే దూరం పది రెట్లుండాలంటారు, నన్నడిగితే ఆ రోజు బండి ఇంట్లో పెట్టి బస్సెక్కు, టికెట్ ఎంతైనా ఎక్సెస్ కన్నా తక్కువే. ఆ సందులోకి కారు దూరితే? దూరనీ, మళ్ళీ వెనక్కి తగ్గు. వెనకవాడు నీ మడ్‌గార్డు మీదకొస్తుంటే నీ ముందు ఖాళీ ఇంకా పెంచు, వీలైన చోట వాణ్ణి పోనివ్వు. పౌరుషాలు ఇక్కడ పనికిరావు.

బ్రేకు గుప్పిట పట్టకు, నిమ్మకాయ పిండినట్టు కొంచెం కొంచెంగా బిగించు. పొడి రోడ్డు మీద ముందు బ్రేకుకి ముప్పావు బలం, వెనకదానికి పావు, తడిలో చెరిసగం.

ఫుల్ లైసెన్సు కోసం రాసే థియరీ పరీక్షలో హజార్డ్ పర్సెప్షన్ అని ప్రమాదాల్ని పసిగట్టే టెస్టుంటుంది, అది మొదటిసారి తప్పాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. 75కి 44 రావాలి. వీడియోలో ప్రమాదం మొదలవుతుంటే క్లిక్ చెయ్యాలి, ఎంత ముందు పసిగడితే అంత ఎక్కువ మార్కులు. నాకేమో గుద్దేదాకా ఏదీ ప్రమాదంలా కనపడలేదు, భయమేసి ఆపకుండా నొక్కాను, అలా నొక్కితే ఆ క్లిప్‌కి సున్నా. మళ్ళీ ఫీజు. ఇప్పుడు 23 పౌన్లు, అప్పుడు ఇంకా ఎక్కువే.

రోడ్డు మీద ఏం చూడాలంటే, ఆగి ఉన్న కారులో తల కనపడితే తలుపు తెరుచుకుంటుందనుకో. పక్క సందులోంచి వచ్చే కారు డ్రైవరు కళ్ళకేసి చూసి నమ్మకు, నిన్నే చూస్తూ నీ ముందుకే వచ్చేస్తారు, చక్రం కదులుతోందా చూడు. రౌండబౌట్లలో ఒలికిన డీజిల్, తడి మ్యాన్‌హోల్ మూతలు, అక్టోబరులో రాలిన ఆకులు, మూడూ ఒకటే జారుడు. హారన్ కొట్టి దారి తీసుకునే అలవాటు విమానంలోనే వదిలెయ్యాల్సింది.

మరీ అంటుకుని నడిపితే పోలీసులు 100 పౌన్ల జరిమానా, లైసెన్సు మీద మూడు తప్పు పాయింట్లు వేస్తారు. ఫుల్ లైసెన్సు వచ్చిన రెండేళ్ళలో ఆరు పాయింట్లయితే లైసెన్సే పోతుంది, మళ్ళీ మొదట్నుంచి ఫీజులు. ఇంకోటి, ఫుడ్ డెలివరీ చేస్తే బండి డబ్బు నెలలో వచ్చేస్తుందని నీ రూమ్మేట్ అన్నాడన్నావు. స్టూడెంట్ వీసాలో సొంత పని కింద అది చెయ్యకూడదు, మామూలు ఇన్సూరెన్స్ కూడా డెలివరీకి వర్తించదు. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌన్లు, ఆరు పాయింట్లు. అతనికి ఇవన్నీ చెప్పేవాళ్ళు లేరేమో.

సెకండ్ హ్యాండ్ హెల్మెట్ మాత్రం కొనకు, గ్లవ్స్ ఎవరివైనా ఫర్లేదు. బండి బుక్ చెయ్యకముందే రెండు మూడు ఇన్సూరెన్స్ కొటేషన్లు తీసి పంపు, ప్రీమియం పక్కన ఎక్సెస్ ఎంతో కూడా రాయి, చూసి చెబుతాను.