ఛాకో కాన్యన్‌కు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి రాగలమా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, అల్బుకర్కీలో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరు మొదట్లో మేమిద్దరం వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లో ఛాకో కాన్యన్ అని పాత రాతి కట్టడాలున్నాయట, పొద్దున కాఫీ తాగి బయల్దేరితే భోజనాల వేళకి ఇంటికొచ్చేస్తాం అంటున్నాడు. నాకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. తొట్లకొండ, బావికొండ మనకే ఉండగా రాళ్లు చూడ్డానికి అంత దూరమెందుకని మా వారి గొణుగుడు. వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వెళ్లండమ్మా. భోజనాల వేళకి ఇంటికి రావడం మాత్రం అయ్యే పని కాదు. వెళ్లడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది, హైవే 550 వదిలాక ఉన్న 21 మైళ్లలో 13 మైళ్లకు తారు లేదు, చివర్లో గతుకులు నడుం విరగ్గొడతాయి. వాన పడిందంటే ఆ మట్టి జిగట బురదై కారు కదలదు. జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ మధ్యాహ్నం పూట ఉరుముల వానలు మామూలే, కాబట్టి ఈ ఒక్కటీ నెలాఖరుకో అక్టోబరుకో జరపండి, ముందురోజు ఆ కట్టడాలను చూసుకునే పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి రోడ్డెలా ఉందో అడగమనండి. ఫోన్‌లో మ్యాప్ చూపించిన అడ్డదారిని నమ్మొద్దు, లోపల సిగ్నల్ కూడా ఉండదు. పెట్రోలు బంకు లేదు, హోటల్ లేదు. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడమే.

ఇంకో మాట. అది సుమారు 6,200 అడుగుల ఎత్తు, అంటే మన అరకుకు రెట్టింపు. విశాఖలో చెమట కారి చొక్కా తడిస్తే నీళ్లు తాగాలని గుర్తొస్తుంది, అక్కడ చెమట పట్టిన సంగతే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. తలనొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, దాహం ఉన్నా లేకపోయినా తాగుతూనే ఉండండి.

మోకాళ్ల సంగతికొస్తే, అన్నీ చూడాలని పెట్టుకోకండి. అక్కడి పెద్ద రాతి కట్టడం ప్యూబ్లో బొనీటో ఒక్కటి నిదానంగా చూడండి, చుట్టూ తిరిగి రావడానికి కిలోమీటరు నడక. లోపల గదుల్లోంచి వెళ్లే చోట గుమ్మాలు పొట్టివి, బాగా వంగాలి, కష్టమైతే బయటి నుంచే చూడొచ్చు. కొండ చీలికలోంచి పైకెక్కే దారి అబ్బాయికి వదిలేయండి.

ఇక మీ వారి గొణుగుడు. తొట్లకొండ బౌద్ధ భిక్షువుల ఆరామం, ఇది వేరే లోకం. క్రీ.శ. 850 నుంచి 1150 దాకా అక్కడి ఆదివాసులు, ఇనప పనిముట్టు లేకుండా, చక్రం లేకుండా, బరువు మోసే పశువు లేకుండా ఆ ప్యూబ్లో బొనీటో ఒక్కదాంట్లోనే 600కు పైగా గదులు, కొన్నిచోట్ల నాలుగంతస్తులు లేపారు. చెట్లు లేని ఎడారి కదా, దూలాలకు కావలసిన మానుల్లో చాలావాటిని 75 కిలోమీటర్లకు పైగా దూరంలోని కొండల నుంచి మనుషులే మోసుకొచ్చారు. గోడ దగ్గర నిలబడి చూడమనండి: ఇసుకరాతి పెద్ద ముక్కల వరస, దాని మీద వేలెడు మందం కూడా లేని పలకల వరసలు, మళ్లీ పెద్దవి. ఇంత ముచ్చటగా పేర్చి, తర్వాత దాని మీద మట్టి మెత్తేవారట! మెక్సికో వైపు నుంచి తెచ్చిన పంచవన్నెల చిలకల ఎముకలు, పొడుగాటి జాడీల్లో కోకో ఆనవాళ్లు కూడా అక్కడ దొరికాయి. ఇవన్నీ చెప్పాక కూడా గొణిగితే ఆయన్ని కారులో కూర్చోబెట్టి మీరు చూసి రండి.

ప్రశ్న: ఛాకో కాన్యన్‌లో నేల మీద రంగు గీతల కుండపెంకులు ఎన్నో పడుంటాయట. గుర్తుగా ఒకటి తెచ్చుకుంటే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కేసవుతుంది. అది 1987 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం, పెంకు తీయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. పైగా హోపీ, జూనీ లాంటి ప్యూబ్లో ఆదివాసులకు అది తాతముత్తాతల ఇల్లు. చేతిలోకి తీసుకుని చూసి ఇంకోచోట పడేయడం కూడా వద్దు, పెంకు ఏ గది పక్కన పడుందన్నదే తవ్వకాల వాళ్లకి ముఖ్యం. ఫొటో తీసుకోండి.