డౌలాగా (కాన్పు సమయంలో తల్లికి తోడుండి ధైర్యం చెప్పే సహాయకురాలిగా) ఆన్-కాల్‌లో, అంటే ఎప్పుడు పిలిచినా వెళ్లేలా ఉంటూ ట్రైనింగ్‌కి వెళ్లడం కుదురుతుందా?

కుదురుతుంది, కానీ డ్యూ డేట్ ఒక్కటే చూసుకుంటే ఇరుక్కుపోతారు. సరిగ్గా ఆ తేదీకే కాన్పయ్యేవాళ్లు నూటికి అయిదుగురు ఉంటే ఎక్కువ. అందుకే చాలామంది డౌలాలు 38వ వారం నుంచి 42వ వారం దాకా, అంటే డ్యూ డేట్‌కి రెండు వారాలు ముందు నుంచి రెండు వారాలు తర్వాత వరకు, ఫోన్ పక్కనే పెట్టుకుంటారు. జూన్ 10-13 ట్రైనింగ్ అనుకోండి, మే 27 నుంచి జూన్ 27 మధ్య డ్యూ డేట్ ఉన్నవాళ్లను ఒప్పుకోకపోవడమే మేలు.

ఇప్పటికే ఒప్పుకున్నారా? ‘నాలుగు రోజులే కదా, అప్పటికి నొప్పులు రావులే’ అనుకోకుండా వాళ్లకు వెంటనే చెప్పేయండి. బ్యాకప్ డౌలాను ముందే ఇంటికి తీసుకెళ్లి పరిచయం చేయండి. నొప్పుల్లో ఉండగా కొత్త ముఖం కనిపిస్తే ఆమెకు టెన్షన్. ఫీజులో ఎవరి వాటా ఎంతో కూడా అప్పుడే రాసుకోండి. ట్రైనింగ్ నుంచి వీడియో కాల్‌లో ధైర్యం చెప్పగలరేమో గానీ నడుం పట్టలేరు కదా!