పెంచండి, కొమ్మలు కొట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త

నీళ్లు పెద్దగా పోయకపోయినా ఏడాదంతా పచ్చగా ఉంటుందని నర్సరీలో పెన్సిల్ కాక్టస్ అంటగట్టబోయారు, పెరట్లో పెట్టొచ్చా అని కదా అడిగారు. పెట్టొచ్చు. మాది అనంతపురం పక్క పల్లె, ఏడాది వానంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూఇటూ, ఇక్కడే అది ఏపుగా పెరుగుతుంది. కానీ అది కాక్టస్ కాదండీ, మన కాడజెముడు! చేలగట్ల మీద కంచెగా వేసేవాళ్లు, మేకలు కూడా మూతి పెట్టవు. అదే కొమ్మను తెల్ల కుండీలో గుచ్చి పేరు మార్చి 300 రూపాయలంటే మనం బేరమాడి మరీ కొంటున్నాం.

ఆకుల్లేవని టెన్షన్ పడకండి. కొసన చిన్నచిన్నవి వచ్చి రాలిపోతాయి, ఆకు పని కూడా ఆ పచ్చటి కాడలే చేస్తాయి.

అసలు చెప్పాలనుకున్నది దాని పాల గురించి. రెండేళ్ల కిందట ఎండాకాలంలో గోడ దాటిన కొమ్మలు కొడవలితో కొడుతున్నా, పాలు ధారగా కారుతున్నాయి, చెమట కళ్లలోకి దిగుతోందని మణికట్టుతో తుడుచుకున్నా. కాసేపు ఏమీ లేదు. తర్వాత కంట్లో కారప్పొడి కొట్టినట్టు మంట, రెప్ప తెరుచుకోదు. మా అవ్వ ఆముదం చుక్క వేస్తానని సీసా వెతుకుతుంటే మా ఆవిడ నన్ను లాక్కెళ్లి కొళాయి కింద కూర్చోబెట్టి పావుగంట పైనే కడిగింది. రాత్రికి బల్బు చుట్టూ పొగ కమ్మినట్టు కనిపించింది. పొద్దున డాక్టరు గారు కంట్లో రంగు చుక్క వేసి చూసి, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పైపొర దెబ్బతింది, వెంటనే కడగబట్టి సరిపోయిందన్నారు. వారం రోజులు నల్లద్దాలు, బంధువుల పెళ్లికీ అలాగే వెళ్లా, ఫోటోల్లో నేనొక్కడినే హీరోలా ఉన్నా.

పెంచడంలో విద్యేమీ లేదు. కోసిన కొమ్మను నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, బాగా ఎండ తగిలే చోట పెట్టండి. మా మొదటి మొక్క ఎండకు పోలేదు, మా అమ్మ తులసికి పోస్తూ పాపం దీనికీ రోజూ ఒక చెంబు పోసింది, మొదలు మెత్తబడి పక్కకు ఒరిగింది. వానాకాలంలో అసలు నీళ్లే పోయకండి.

పిల్లలు ఆడే చోట మాత్రం వద్దు. మాది గేటు దగ్గర నుంచి వెనక గోడకు మార్చేశాం. కొడవలి తగిలించే మేకుకే ఇప్పుడు మా అబ్బాయి కాలేజీ ల్యాబ్ కళ్లజోడు కూడా వేలాడుతోంది.