కమిటీ సిఫారసును పక్కనబెట్టి బోర్డు మరొకరిని నియమించొచ్చా?

ప్రశ్న: నేను ఒక లిస్టెడ్ కంపెనీలో స్వతంత్ర డైరెక్టర్‌ని (కంపెనీతో, ప్రమోటర్లతో ఆర్థిక సంబంధాలు లేని డైరెక్టర్), డైరెక్టర్ల ఎంపిక, వేతనాలు చూసే నామినేషన్ అండ్ రెమ్యూనరేషన్ కమిటీ సభ్యుడిని. ఖాళీగా ఉన్న స్వతంత్ర డైరెక్టర్ స్థానానికి మా కమిటీ ఒకరి పేరు సిఫారసు చేసింది. బోర్డు సమావేశంలో కంపెనీపై పట్టున్న ప్రమోటర్ వర్గం దాన్ని కాదని, మా ముందుకు ఎప్పుడూ రాని ఇంకో పేరు పెట్టి, మెజారిటీతో అదనపు డైరెక్టర్‌గా (వాటాదారులు ఆమోదించేలోగా బోర్డే నియమించే డైరెక్టర్) నియమించింది. ‘కమిటీది సలహా మాత్రమే’ అంటున్నారు. ఇది చెల్లుతుందా? నేనేం చేయాలి?

జవాబు: వాళ్ల మాటలో సగమే నిజం. కమిటీ చెప్పిన పేరును ఒప్పుకోవాలన్న నిర్బంధం బోర్డుకు లేదు. సిఫారసు చేయడం కమిటీ పని, నియమించడం బోర్డు పని, ఖరారు చేసేది వాటాదారులు. కానీ ఒక పేరును తిరస్కరించడం వేరు, కమిటీ పరిశీలించని పేరును దాని స్థానంలో కూర్చోబెట్టడం వేరు. మీ బోర్డు తప్పింది రెండో దగ్గర.

కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 178(2) ప్రకారం డైరెక్టర్ కాదగిన వారిని గుర్తించి బోర్డుకు సిఫారసు చేయాల్సింది కమిటీయే. స్వతంత్ర డైరెక్టర్ విషయంలో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లిస్టింగ్ నిబంధనలు ఇంకో మెట్టు పెట్టాయి. బోర్డులో ఇప్పుడున్న నైపుణ్యాలేమిటి, లోటేమిటి అని కమిటీ ముందు బేరీజు వేయాలి. ఆ స్థానానికి కావాల్సిన పాత్ర, సామర్థ్యాలను రాసుకోవాలి. సిఫారసు చేసే వ్యక్తికి అవి ఉండాలి. చాలా కంపెనీల్లో ఇది తలకిందులుగా నడుస్తుంది. ముందు బయోడేటా వస్తుంది, తర్వాత దానికి సరిపడేలా అర్హతలు రాస్తారు, బోర్డు సమావేశానికి అరగంట ముందు కమిటీ కూర్చుని సంతకం పెడుతుంది. కాగితం మీద అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ ఎంపిక మాత్రం జరగలేదు.

బోర్డుకు మీ అభ్యర్థి నచ్చకపోతే కారణాలు రాసి విషయాన్ని తిరిగి కమిటీకి పంపాలి. తాను అనుకున్న పేరునూ అదే కొలమానంతో పరిశీలించమని అడగొచ్చు. ప్రమోటర్ పేరు సూచించడం తప్పేమీ కాదు. ఆ పేరు కమిటీ గుమ్మం తొక్కకుండా రావడమే తప్పు. తప్పనిసరిగా ఉండాల్సిన కమిటీ సిఫారసును బోర్డు ఒప్పుకోకపోతే, ఆ సంగతిని కారణాలతో సహా వార్షిక కార్పొరేట్ గవర్నెన్స్ నివేదికలో వెల్లడించాలి. ఈ సంగతి గట్టిగా గుర్తుచేస్తే చాలా బోర్డులు పునరాలోచిస్తాయి.

అసలు చిక్కు వాటాదారుల నోటీసు దగ్గర వస్తుంది. లిస్టెడ్ కంపెనీ ఈ నియామకానికి తదుపరి సర్వసభ్య సమావేశంలో గానీ 3 నెలల్లో గానీ, ఏది ముందైతే అప్పటికి, వాటాదారుల ఆమోదం పొందాలి. స్వతంత్ర డైరెక్టర్‌కు మామూలుగా ప్రత్యేక తీర్మానం (పోలైన ఓట్లలో కనీసం నాలుగింట మూడొంతులు అనుకూలంగా ఉండేది) కావాలి. నోటీసుతో ఇచ్చే వివరణలో ఈ పాత్రకు ఏ నైపుణ్యాలు అవసరం, ఈ వ్యక్తికి అవి ఎలా ఉన్నాయి అన్నది రాయాలి. స్వతంత్రతకు చట్టం పెట్టిన షరతులన్నీ ఆయన తీరుస్తున్నారని బోర్డు తన అభిప్రాయం చెప్పాలి. కమిటీ చూడని మనిషి గురించి ఆ వాక్యాలు ఏ ఆధారంతో రాస్తారని కంపెనీ సెక్రటరీని లిఖితపూర్వకంగా అడగండి.

సెక్షన్ 178ని ఉల్లంఘిస్తే కంపెనీకి 5 లక్షలు, బాధ్యులైన అధికారికి లక్ష రూపాయల పెనాల్టీ ఉంది. ఇక ఆ కొత్త డైరెక్టర్ ఈలోగా పాల్గొన్న నిర్ణయాల సంగతి. నియామకంలో లోపం తర్వాత బయటపడినా, అప్పటిదాకా డైరెక్టర్‌గా ఆయన చేసిన పనులు అదే చట్టంలోని సెక్షన్ 176 వల్ల నిలుస్తాయి. అయితే నియామకం చెల్లదని కంపెనీ గమనించిన తర్వాత చేసిన పనులకు ఆ రక్షణ లేదు. అందుకే ఆలస్యం చేయకండి. ఆ పేరును కమిటీ ముందు పెట్టమని కోరండి. అర్హులని తేలితే సిఫారసుతో బోర్డు తాజా తీర్మానం చేయవచ్చు. కాదంటే కారణాలు రాసి పంపండి. కమిటీ సమావేశానికి కోరం (తప్పనిసరిగా హాజరు కావాల్సిన కనీస సంఖ్య) ఇద్దరు లేదా సభ్యుల్లో మూడో వంతు, ఏది ఎక్కువైతే అది. అందులో కనీసం ఒక స్వతంత్ర డైరెక్టర్ ఉండాలి.

ప్రమోటర్‌కు తన మనిషే కావాలనుకుంటే, ఆయనను స్వతంత్రేతర డైరెక్టర్‌గా వాటాదారు హోదాలో ప్రతిపాదించే దారి సెక్షన్ 160లో ఉంది. సమావేశానికి కనీసం 14 రోజుల ముందు నోటీసు, లక్ష రూపాయల డిపాజిట్ ఇవ్వాలి. గెలిచినా, పోలైన ఓట్లలో 25 శాతానికి మించి వచ్చినా డిపాజిట్ తిరిగి ఇస్తారు. కమిటీ సిఫారసు ఉంటే అసలు డిపాజిటే అక్కర్లేదు.

మీ వరకు అన్నింటికంటే ముఖ్యమైనది మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని లిఖిత నమోదు. స్వతంత్ర డైరెక్టర్ల నియమావళి అయిన నాలుగో షెడ్యూల్ ప్రకారం, పరిష్కారం కాని మీ ఆందోళనను మినిట్స్‌లో రాయించమని పట్టుబట్టాలి. కంపెనీ తప్పులకు మిమ్మల్ని బాధ్యులను చేయకుండా సెక్షన్ 149(12) కింద మీకున్న రక్షణ, మీ సమ్మతి లేదని, మీరు శ్రద్ధగా వ్యవహరించారని చూపగలిగితేనే నిలుస్తుంది. డ్రాఫ్ట్ మినిట్స్ సమావేశం ముగిసిన 15 రోజుల్లో మీకు రావాలి. అవి పంపిన తేదీ నుంచి 7 రోజుల్లోపే మీ అసమ్మతిని, దానికి కారణాన్ని రాసి కంపెనీ సెక్రటరీకి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.