టీవీ బాడీ విప్పకు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. పాత డబ్బా టీవీ దొరికిందనీ, ప్లాస్టిక్ బాడీ ఊడదీసి పిక్చర్ ట్యూబు ఒక్కటీ ఆర్కేడ్ క్యాబినెట్‌లో (నిలబడి వీడియో గేములు ఆడే చెక్క పెట్టెలో) బిగిస్తాననీ రాశావు. ఆ పని నాకు చేతనవును, చేశాను కూడా. నీకు మాత్రం వద్దనే చెప్తాను. టీవీని బాడీతో సహా లోపల అర మీద కూర్చోబెట్టి, ముందు ఫ్రేమ్ బిగించెయ్. ఆడేవాళ్లకి కనపడేది గాజు ఒక్కటే.

21 అంగుళాల కలర్ ట్యూబు మీద ఒక రబ్బరు మూత ఉంటుంది. దాని కింద 20 వేల వోల్టులకు పైమాటే. ప్లగ్గు పీకినంత మాత్రాన అది పోదు, ట్యూబు గాజే కెపాసిటర్‌లా ఛార్జిని పట్టి ఉంచుతుంది. ఒకసారి డిశ్చార్జ్ చేశాక కూడా కాసేపటికి కొంత మళ్లీ పేరుకుంటుంది. బోర్డులో పవర్ సప్లై భాగం సరేసరి, నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉంటుంది. పైగా ట్యూబు వెనక సన్నటి మెడ. దానికి చిన్న దెబ్బ తగిలి గాలి లోపలికి పోయిందా, ట్యూబు ఇక చెత్తబుట్టకే. ఇన్ని తలనొప్పులకీ నీకు మిగిలేది మహా అయితే రెండు మూడంగుళాల జాగా.

ఇంకా ప్లై కోయలేదు కదా? ముందు టీవీకి ఒక పరీక్ష పెట్టు. ఏవీ మోడ్‌లో, అంటే బయటి నుంచి వైరుతో ఇచ్చిన బొమ్మ వస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వెయ్యి. దానంతట అదే వెలిగి ఏవీలోకే వస్తే నీ అదృష్టం, మొత్తం క్యాబినెట్‌కి ఒకే స్విచ్ సరిపోతుంది. ఎర్ర లైటు చూపిస్తూ స్టాండ్‌బైలో కూర్చుంటే మాత్రం ఆడిన ప్రతిసారీ రిమోట్ వెతుక్కోవాలి, ఫ్రేమ్‌లో రిమోట్ కన్నుకి ఎదురుగా రంధ్రం వదలాలి. అలాగే వెనక స్టిక్కరు చూడు. 100 హెర్ట్జ్ అని ఉంటే వేరే టీవీ చూసుకో. ఆ రకం సెట్లు బొమ్మని మెమరీలో పెట్టుకుని తర్వాత చూపిస్తాయి. నువ్వు బటన్ నొక్కాక క్షణం ఆగి బొమ్మ కదిలితే ఇక డబ్బా టీవీ పెట్టుకుని ఏం లాభం?

ప్యాక్‌మ్యాన్ (1980), డాంకీ కాంగ్ (1981) లాంటివి నిలువు స్క్రీన్ ఆటలు. వాటి కోసం టీవీని పక్కకి తిప్పి పడుకోబెట్టాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. తిప్పకు. వేడి పోయే చిల్లులు బాడీకి పైన ఉంటాయి, పక్కకి తిప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. రంగులు కూడా మచ్చలు పడొచ్చు. ప్యాక్‌మ్యాన్ బొమ్మ నిలువునా 288 గీతలు, 60 హెర్ట్జ్‌లో టీవీ చూపించేది సుమారు 240. కాబట్టి తిప్పకుండా ఆడాలంటే బొమ్మని కాస్త కుదించాలి, అక్షరాలు కొంచెం అలుక్కుంటాయి, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. నాకైతే పట్టింపు లేదు. స్ట్రీట్ ఫైటర్ 2 లాంటి అడ్డం ఆటలకి ఈ బాధే ఉండదు.

కొలిచేటప్పుడు గాజు కొలత నమ్ముకోకు, బాడీ కొలువు. లోతు కొలిచేటప్పుడు వెనక ఏవీ పిన్నులు గుచ్చే చోటు, దానికి తోడు నాలుగంగుళాల గాలి జాగా కలుపుకో. డబ్బా టీవీ బరువంతా గాజు వైపే ఉంటుంది, కాబట్టి 18 మిల్లీమీటర్ల ప్లై అర కింద ముందు వైపు రీపరు లావుగా ఉండాలి. స్క్రీన్ కొంచెం వెనక్కి వాలితే ఆడటానికి బాగుంటుంది. కానీ వాలిన టీవీ జారుతుంది, బాడీ వెనక ఒక అడ్డు రీపరు కొట్టి, నడుముకి బెల్టు వేసి లాగి కట్టు. వెనక తలుపుకి కిందా పైనా గాలి చీలికలు మరిచిపోకు. స్పీకర్లు వేరేగా కొనొద్దు, మామూలు స్పీకర్ అయస్కాంతం ట్యూబు పక్కన ఉంటే తెర మూల ఆకుపచ్చగానో ఊదాగానో తిరుగుతుంది. టీవీ స్పీకర్లే చాలు, ఫ్రేమ్‌లో వాటి ఎదురుగా చిల్లులు పెట్టు.

ఆటలు నడపడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడతానన్నావు. పై 5కి ఏవీ జాక్ లేదు, పాతదే తీసుకో. పై 4లో టీవీ అవుట్‌ని సెట్టింగ్స్‌లో ఆన్ చెయ్యాలి. కేబుల్ దగ్గర జాగ్రత్త. ఈ బోర్డు జాక్‌లో ప్లగ్గు కొస నుంచి వరసగా ఎడమ ఆడియో, కుడి ఆడియో, గ్రౌండ్, వీడియో. పాత వీడియో కెమెరా కేబుళ్లు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి గానీ కొన్నిటిలో వరస వేరు. బొమ్మ రాక జనం బోర్డు పోయిందని టెన్షన్ పడతారు.

అన్నీ బల్ల మీద కలిపి ఆడి చూడు. టీవీ అంచుల్లో బొమ్మ కొంత కోసేస్తుంది, స్కోరు అంకెలు పోతే సైజు తగ్గించు. అప్పుడు అట్టముక్కతో ఫ్రేమ్ కోసి గాజు మీద ఆనించు, కుదిరాకే ప్లై మీద గీత గియ్యి. బాడీ పొడవు, వెడల్పు, లోతు, నీ మోచేతి ఎత్తు నాకు రాసి పంపు. అర ఎంత ఎత్తులో కొట్టాలో నేను చెప్తాను.

ఇట్లు,
మామయ్య